రోలర్లు వీడియోలో చూపించేశారు, స్ప్రింగులు ఇంకా చూపించలేదు

ప్రశ్న: నమస్కారమండీ. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే మిషను ఒకటి తయారుచేశాను. మొదట చేసింది సందులున్న డ్రమ్ము, దాని బయట బ్లేడు. డ్రమ్ము తిరుగుతుంటే తొడిమ సందులోంచి బయటికొస్తుంది, బ్లేడు కోసేస్తుంది. దీనికి నిరుడు మార్చి 11న చెన్నై పేటెంటు ఆఫీసులో ప్రొవిజనల్, అంటే తొలి దరఖాస్తు, వేయించాను. తర్వాత మా ఆవిడ చూసి, "కోస్తే మొదలు కాయకే ఉండిపోతోంది. మేం బొటనవేలితో నొక్కి, మెలిపెట్టి లాగుతాం కదా" అంది. తను పెళ్లికి ముందు నుంచీ కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసిన మనిషి. దాంతో బ్లేడు తీసేసి, రబ్బరు తొడిగిన రెండు రోలర్లు పెట్టాను. ఆగస్టు 2న యూట్యూబులో వీడియో పెట్టాను. రెండు మిషన్లు అమ్మాను కూడా. "కాయ లావును బట్టి మేం వేళ్లు వదులు చేస్తాం" అని తనే మళ్లీ అంటే, డిసెంబరులో రోలర్ల మధ్య సందు దానంతటదే సర్దుకునేలా స్ప్రింగులు వేశాను. ఆ మిషను ఇంకా షాపు దాటలేదు. డల్లాసులో ఉన్న మా మేనల్లుడు, "మామయ్యా, అమెరికాలో నా పేరున వేద్దాం, డబ్బు నేను పెడతా" అంటున్నాడు. ఇంకొకాయన నాలుగు లక్షలిస్తే 'ఇంటర్నేషనల్ పేటెంటు' తెప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? ప్రొవిజనల్ కాపీ, వీడియో లింకు పంపుతున్నాను.

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, వీడియో నాలుగుసార్లు చూశాను. ముందు మీరు ఈ వారంలోనే చేయాల్సిన పని చెప్తాను. స్ప్రింగుల సంగతి ఇంకెవరికీ చూపించకండి. దాని మీద ఇంకో ప్రొవిజనల్ దరఖాస్తు సంక్రాంతికి ముందే, వీలైతే 12వ తేదీ లోపే, చెన్నై ఆఫీసుకు ఆన్‌లైన్లో వేయించండి. వ్యక్తిగా వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. పండగ వెళ్లాక చూద్దామనుకోవద్దు. ఎందుకంత తొందరో కింద వివరంగా రాస్తాను.

ఇంటర్నేషనల్ పేటెంటు అనేది లోకంలో లేదు. ఏ దేశం పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికా పేటెంటు అమెరికాలో చేసేవాణ్ణి, అమ్మేవాణ్ణి, అక్కడికి దిగుమతి చేసుకునేవాణ్ణి మాత్రమే ఆపుతుంది. గుంటూరు ఆటోనగర్‌లో మీ మిషను చూసి అలాగే చేసి అమ్మేవాణ్ణి ఏమీ చేయలేదు. పీసీటీ (పేటెంట్ కోఆపరేషన్ ట్రీటీ) అని దేశాల మధ్య ఒక ఒప్పందం ఉంది. అందులో 150కి పైగా దేశాలు ఉన్నాయి, మనం 1998 డిసెంబరు 7న చేరాం. దాని కింద వేసేది దరఖాస్తు మాత్రమే. ఒక్క దరఖాస్తుతో ఆ దేశాలన్నిటిలోనూ మీ తేదీ నిలబడుతుంది. ఆ తర్వాత ఏ దేశంలో పేటెంటు కావాలో ఆ దేశానికి విడిగా వెళ్లాలి, విడిగా ఫీజు కట్టాలి, అక్కడ దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినరుకు విడిగా జవాబు చెప్పుకోవాలి. నాలుగు లక్షలాయన చెప్పేది పీసీటీ దరఖాస్తు గురించే అయితే, ఆ డబ్బులో ఏమేం వస్తాయో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే వదిలేయండి. పేటెంటు ఏజెంట్లు పరీక్ష పాసై రిజిస్టరు అయిన వాళ్లయి ఉండాలి. ఆ జాబితా పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ఉంటుంది. ఆయన పేరు అందులో ఉందో లేదో ముందు చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మీ మిషన్లో మూడు ముక్కలున్నాయి: డ్రమ్ము, రోలర్లు, స్ప్రింగులు. మీకు అవి ఒక్క మిషనే. పేటెంటు చట్టం కంటికి మాత్రం మూడింటికీ మూడు వేర్వేరు పుట్టిన తేదీలు.

డ్రమ్ము పుట్టినరోజు నిరుడు మార్చి 11. ఆ రోజు వేసిన కాగితంలో డ్రమ్ము గురించి బాగా రాయించారు. ఆ రాయించినాయన ఎవరో గానీ ఈ పని శ్రద్ధగా చేశాడు. సందు లోపలివైపు వెడల్పుగా, బయటివైపు సన్నగా ఉంటుందనీ, అందువల్ల కాయ అడ్డంగా పడినా తిరిగి తిరిగి తొడిమవైపే సందులోకి దిగుతుందనీ బొమ్మతో సహా ఉంది. రెండో పేజీలో మూడో బొమ్మ. నా దృష్టిలో మీ అసలు ఆస్తి అదే. బ్లేడు పెట్టినా, రోలర్లు పెట్టినా, రేపు ఇంకోటేదో పెట్టినా, కాయను తొడిమవైపు తిప్పి నిలబెట్టేది ఆ సందు ఆకారమే. కాబట్టి క్లెయిము, అంటే 'దీని మీద హక్కు నాది' అని అడిగే వాక్యం, బ్లేడుతో ముడిపెట్టకుండా, ఆ డ్రమ్ము మీదే మొదటి క్లెయిముగా రాయించండి. అప్పుడు ఎవడైనా మీ డ్రమ్ము కాపీ కొట్టి, దానికి ఏం తగిలించుకున్నా, మీ క్లెయిము కిందికే వస్తాడు.

మార్చి 11 నుంచి పన్నెండు నెలల్లోపు మన దేశంలో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే క్లెయిములతో సహా పూర్తి వివరణ, వేయాలి. లేకపోతే ఆ ప్రొవిజనల్ వదిలేసినట్టే లెక్క. విదేశాలకు వెళ్లాలన్నా అదే పన్నెండు నెలల గడువు. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి దరఖాస్తు తేదీని మిగతా దేశాల్లోనూ మీ తేదీగా అడిగే హక్కు ఏడాదిపాటు ఉంటుంది. దాన్నే ప్రయారిటీ అంటారు. ఆ ఏడాది లోపల మీరు వీడియో పెట్టినా, మిషను అమ్మినా, డ్రమ్ముకు ఏ దెబ్బా తగలదు. ఎందుకంటే మీ తేదీ వీడియో కంటే ముందుది. అయితే ఏడాదంటే ఏడాదే. ఒకసారి నా దగ్గరికి ఒకాయన పన్నెండో నెల నిండిన నాలుగో రోజు వచ్చాడు. వేరుశనగ ఒలిచే మిషను, చాలా మంచి పని. ఈలోగా ఊరూరా తిప్పి అమ్మేశాడు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చేయగలిగింది ఏమీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. అందుకే మీకు మార్చి 11 అని పదేపదే రాస్తున్నాను.

రోలర్ల దగ్గరికి వద్దాం. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది. మీ వీడియోలో 1 నిమిషం 50 సెకన్ల దగ్గర ఒక కుర్రాడు, మీ అబ్బాయే అయ్యుంటాడు, పక్క కవరు బోల్టులు విప్పుతాడు. కెమెరా లోపలికి వెళ్తుంది. రెండు నల్లటి రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, వాటిమీద మెలికలు తిరిగిన గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. వెనకనుంచి మీ గొంతు: "సందు ఒకటిన్నర మిల్లీమీటరు పెట్టాం, అంతకంటే తగ్గిస్తే కాయ నలుగుద్ది." ఆ పదిహేను సెకన్లలో రోలర్ల గురించి లోకానికి పూర్తిగా చెప్పేశారు. రోలర్ల మాట మార్చి 11 కాగితంలో ఎక్కడా లేదు. 'బ్లేడు' అనే ఉంది. 'తొడిమ తెంచే సాధనం, ఉదాహరణకు బ్లేడు గానీ రోలరు గానీ' అని ఒక్క వాక్యం ఉన్నా మనకు కొంత ఊపిరి ఉండేది. కాబట్టి రోలర్ల తేదీ మీరు వాటిని కాగితం మీద పెట్టిన రోజే అవుతుంది. ఆ రోజుకు వీడియో అప్పటికే ఉంది. మన దేశంలో సొంత వీడియోకు మినహాయింపు లేదు. ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనల్లాంటి కొద్దిపాటి సందర్భాలకే ఉంది. యూరప్‌లో ఇంకా గట్టి. చైనాలోనూ మీకు పనికొచ్చే మినహాయింపు లేదు. ఈ మూడు చోట్లా రోలర్ల మీద క్లెయిము నిలబడదు.

వీడియో తెలుగులో ఉంది కదా, ఎవరు చూస్తారు అనుకోవచ్చు. 1995లో అమెరికాలో గాయాలకు పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ దాన్ని సవాలు చేసి, ముప్పైకి పైగా పాత ఆధారాలు తవ్వి తీసింది. అందులో సంస్కృతం, ఉర్దూ, హిందీల్లో ఉన్నవీ ఉన్నాయి. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఏ భాషలో ఉందన్నది అక్కడ లెక్కకు రాలేదు, ముందే బయట ఉందా లేదా అన్నదే చూశారు. అప్పుడు ఆ నియమం మనల్ని కాపాడింది. మీ వీడియోకూ అదే నియమం వర్తిస్తుంది. ఇప్పుడు వీడియో తీసేసినా ఆగస్టు 2న పెట్టిన సంగతి చెరిగిపోదు. తీసేయమని నేను చెప్పను. కొత్తవి పెట్టొద్దని మాత్రం చెప్తాను.

అయితే రోలర్లకు అన్ని తలుపులూ మూసుకుపోలేదు. అమెరికాలో కనిపెట్టినవాడు తానే బయటపెట్టుకుంటే ఏడాదిలోపు దరఖాస్తు వేసుకోవచ్చు. జపాన్, దక్షిణ కొరియాల్లో కూడా ఏడాది ఉంది, కానీ అక్కడ 'ఫలానా రోజు నేనే బయటపెట్టాను' అని పద్ధతి ప్రకారం చెప్పుకోవాలి, రుజువులు చూపాలి. మార్చి 11 లోపు పీసీటీ దరఖాస్తు వేసి, అందులో రోలర్లను కూడా వివరిస్తే, ఆ దేశాల్లో ఆ ఏడాది లోపలే ఉన్నట్టు. అమెరికాలో దరఖాస్తు వేస్తే ఆ వీడియో సంగతి అక్కడి లాయరుకు మీరే చెప్పి, ఆఫీసుకు చూపించాలి. మీకు తెలిసింది దాచడం అక్కడ పెద్ద తప్పు. పేటెంటు వచ్చాక కూడా దానివల్ల పోతుంది.

ఇక స్ప్రింగులు. ఇవి ఇంకా మీ షాపులోనే ఉన్నాయన్నారు, అది నా మనసుకు చాలా తేలికగా అనిపించిన మాట. కానీ వీటికి తేదీ ఇంకా పుట్టలేదు. మీరు కాగితం వేసిన రోజే పుడుతుంది. మార్చిలో అన్నీ కలిపి ఒకేసారి వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈ రెండు నెలల్లో ఎవరో ఒక కొనుగోలుదారు షాపుకొచ్చి ఫోన్లో ఫొటో తీసుకుంటే చాలు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

తొందర పెట్టడానికి రెండో కారణం మన పేటెంటు చట్టంలోని 39వ సెక్షను. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను. ఇండియాలో నివసించేవాళ్లు ఎవరైనా సరే, ఇక్కడ దరఖాస్తు వేసి కనీసం ఆరు వారాలు గడిచాకే విదేశాల్లో వేయాలి. అంతకంటే ముందు వేయాలంటే ఫారం 25 మీద అనుమతి తీసుకోవాలి. దానికి వ్యక్తులకు ఫీజు 1,600, మామూలుగా 21 రోజుల్లో తేలుస్తారు. దేశ రక్షణకు సంబంధించిన విషయాలు బయటికి పోకుండా పెట్టిన నియమం ఇది. మిరపకాయకూ రక్షణకూ ఏం సంబంధం అనిపిస్తుంది, కానీ చట్టం అందరికీ ఒకటే. తప్పితే ఇక్కడి దరఖాస్తు వదిలేసినట్టు లెక్క, ఇచ్చిన పేటెంటు రద్దు చేయొచ్చు, 118వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. మీ డ్రమ్ము దరఖాస్తుకు పది నెలలు గడిచాయి, దానికి ఇబ్బంది లేదు. స్ప్రింగులది జనవరి 12న వేస్తే ఫిబ్రవరి 23కి ఆరు వారాలు నిండుతాయి. మార్చి 11కి ఇంకా రెండు వారాలు చేతిలో ఉంటాయి. ఫిబ్రవరి దాకా కూర్చుంటే ఈ లెక్క తప్పుతుంది, అప్పుడు ఫారం 25 వెంట పరుగెత్తాలి.

ఇలా రెండు ప్రొవిజనల్స్ అయ్యాక, రెండూ ఒకే మిషను గురించే కాబట్టి, మార్చి 11 లోపు రెండిటినీ కలిపి ఇక్కడ ఒకే కంప్లీట్ స్పెసిఫికేషన్ వేసుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. పీసీటీలో కూడా రెండు తేదీలనూ ప్రయారిటీగా అడగొచ్చు.

స్ప్రింగు అంటే ఏ మెకానిక్కుకైనా తట్టేదే కదా అని ఎగ్జామినరు అంటాడు. కచ్చితంగా అంటాడు. దానికి జవాబు ఇప్పుడే తయారుచేసుకోవాలి. తేజ రకం పది కిలోలు తీసుకోండి, బ్యాడిగి పది కిలోలు తీసుకోండి. స్ప్రింగులు బిగించేసి, అంటే పాతలాగా సందు కదలకుండా ఒకసారి నడపండి. వదిలి ఒకసారి నడపండి. ప్రతిసారీ విరిగిన కాయలు విడిగా, రాలిన గింజలు విడిగా, తొడిమ మిగిలిపోయిన కాయలు విడిగా తూకం వేయండి. ఒక నోటుపుస్తకంలో తేదీతో రాసుకోండి, ఫొటోలు తీసుకోండి. కాయలో తేమ ఎంతుందో కూడా రాయండి, కల్లంలో ఆరిన కాయా, కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయా అన్నది కూడా. సన్నటి తేజకూ ముడతలు పడ్డ పొడుగాటి బ్యాడిగికీ ఒకే మిషను సందు మార్చకుండా పనిచేస్తోందని ఆ అంకెలు చూపిస్తే, 'ఎవరికైనా తట్టేదే' అనడం అంత తేలిక కాదు. స్ప్రింగు ఎంత గట్టిది, ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుంది, రబ్బరు ఎంత మెత్తన, ఇవన్నీ ప్రొవిజనల్లోనే రాయించండి. ఈసారి 'స్ప్రింగు' అని ఊరుకోకుండా, అదే పని ఇంకే విధంగా చేయొచ్చో, రబ్బరు బుష్‌తోనో బరువుతోనో గాలి సిలిండరుతోనో, అవి కూడా రాయించండి. బ్లేడు దగ్గర జరిగింది మళ్లీ జరగకూడదు.

ఇంకోటి, వెతకడం. మిరప తొడిమలు తీసే మిషన్ల మీద చైనాలో దరఖాస్తులు చాలానే ఉన్నాయి. పేటెంట్‌స్కోప్, ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్ అనే వెబ్‌సైట్లలో పాత పేటెంట్లు ఉచితంగా చూడొచ్చు. చైనా భాష రాకపోయినా బొమ్మలు చూడొచ్చు, మిషన్ పనిలో బొమ్మలే ముఖ్యం. మీ అబ్బాయి చేత రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి వెతికించండి. మీ సందు ఆకారం లాంటిది ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడకండి, ఆ పేజీ దాచి మీ ఏజెంటుకు చూపించండి. తేడా ఎక్కడుందో దాని మీదే క్లెయిము కట్టాలి.

మేనల్లుడి మాట. అతను మీ మీద ప్రేమతోనే అంటున్నాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ కనిపెట్టినవాడిగా అతని పేరు రాయడం కుదరదు. అమెరికాలో కనిపెట్టినవాళ్లు తామే కనిపెట్టామని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. నిజంగా కనిపెట్టని పేరు రాస్తే, నిజంగా కనిపెట్టిన పేరు వదిలేస్తే, ఆ పేటెంటు కోర్టులో నిలవదు. అమెరికా నుంచి వేశాడు కాబట్టి 39వ సెక్షను వర్తించదు అని కూడా అనుకోకండి. మీరు ఇక్కడ ఉండి, మీ తరఫున అక్కడ వేయించినా అది మీరు వేసినట్టే. అతను డబ్బు పెట్టొచ్చు. దానికి బదులుగా అమెరికాలో హక్కులో వాటా గానీ అమ్మకాల మీద శాతం గానీ ఇవ్వొచ్చు. ఆ సంగతి మాత్రం సంతకాలతో రాసుకోండి. మేనమామ, మేనల్లుడు అని మొహమాటపడితే తర్వాత ఇద్దరికీ కష్టం.

పీసీటీలో అతన్ని దరఖాస్తుదారుగా చేర్చకపోవడానికి డబ్బుకు సంబంధించిన కారణం కూడా ఉంది. పీసీటీ అంతర్జాతీయ దరఖాస్తు ఫీజు 1,330 స్విస్ ఫ్రాంకులు. ఇండియా పౌరులై ఇండియాలో ఉండే వ్యక్తులకు అందులో 90 శాతం తగ్గుతుంది. అయితే దరఖాస్తుదారులంతా ఆ అర్హత ఉన్నవాళ్లే అయి ఉండాలి. డల్లాసులో ఉండే మేనల్లుడి పేరు ఒక్కటి చేరిస్తే మొత్తం రాయితీ పోతుంది. మీ షాపును కంపెనీగా పెట్టి కంపెనీ పేరున వేసినా అంతే. కాబట్టి మనుషుల పేర్లతోనే వేయండి. ఇలాంటిది ముందే ఉందా అని చూసి ఇచ్చే వెతుకులాట రిపోర్టుకు మన ఇండియా ఆఫీసునే ఎంచుకోండి, వ్యక్తులకు ఫీజు 2,500 రూపాయలే. అదనంగా మీ ఏజెంటు ఫీజు ఉంటుంది.

పీసీటీ వేశాక మీకు దొరికేది కాలం. మొదటి తేదీ నుంచి 30 నెలలు, అంటే వచ్చే ఏడాది సెప్టెంబరు 11 దాకా, ఏయే దేశాల్లోకి వెళ్లాలో తేల్చుకోవచ్చు. కొన్ని చోట్ల 31 నెలలు. ఈలోగా వెతుకులాట రిపోర్టు వస్తుంది, ఏ క్లెయిము గట్టిది, ఏది బలహీనం అని అందులో రాస్తారు. అది చదివాకే పెద్ద డబ్బు పెట్టండి. ఎందుకంటే ఆ తర్వాతి మెట్టు ఖరీదైంది. ఒక్కో దేశంలో అక్కడి లాయరు, చైనాకు చైనీసులోకి, థాయిలాండుకు థాయిలోకి, వియత్నాంకు వియత్నామీసులోకి అనువాదం, ఆ తర్వాత ఏటేటా పేటెంటు నిలుపుకునే ఫీజు. ఒక్కో దేశానికి లక్షల్లోనే లెక్క.

ఏ దేశం అన్న ప్రశ్నకు నేనైతే ముందు మీ మిషను కొనేది ఎవరు అని అడుగుతాను. గుంటూరు కోల్డ్ స్టోరేజీలు, ఎగుమతిదారులు, ఖమ్మం, వరంగల్ వ్యాపారులు, కర్ణాటకలో బ్యాడిగి మార్కెట్ వాళ్లు. మొదటి కొన్నేళ్లు మీ డబ్బంతా ఇక్కడి నుంచే వస్తుంది. చైనాలో ఎవరో చౌకగా చేసి ఇక్కడికి పంపినా, ఆ దిగుమతిని ఆపేది మీ ఇండియా పేటెంటే. కాబట్టి ఉన్న డబ్బులో మొదటి భాగం ఇక్కడి కంప్లీట్ స్పెసిఫికేషన్ బాగా రాయించడానికి పెట్టండి. మన తేజ కాయ చైనాకు, థాయిలాండుకు, మలేసియాకు వెళ్తుంది, నిజమే. కానీ కాయ కొనే దేశంలో తొడిమ తీసే మిషను అమ్ముడవుతుందని లేదు. తొడిమ ఇక్కడే తీసి పంపితే అక్కడ మిషనుతో పనేముంది? చైనాను నేను ఎంచుకుంటే, అక్కడ మిషన్లు తయారవుతాయి కాబట్టి ఎంచుకుంటాను. అక్కడ యుటిలిటీ మోడల్ అని పదేళ్ల హక్కు ఒకటి ఉంది. పూర్తి పేటెంటు కంటే త్వరగా, తక్కువ ఖర్చుతో వస్తుంది. డ్రమ్ముకు అది సరిపోతుందేమో అడగండి.

అమెరికా గురించి మేనల్లుడు చెప్పనిదొకటి చెప్తాను. న్యూ మెక్సికో రాష్ట్రంలో మిరప బాగా పండిస్తారు. అక్కడ పచ్చికాయను మిషనుతో కోయడానికి ఏళ్లుగా అడ్డుపడుతున్న వాటిలో తొడిమ తీయడం ముఖ్యమైనది. కూలీలు దొరకరు. కానీ అది కండ ఉన్న పచ్చికాయ, మీది ఎండుకాయ. మీ స్ప్రింగు రోలర్లతో పచ్చిమిరప, క్యాప్సికం నడిపి చూశారా? చూడండి. పనిచేస్తే ఆ సంగతి కొత్త ప్రొవిజనల్లో తప్పకుండా రాయించండి. అప్పుడు అమెరికాకు ఒక అర్థం ఉంటుంది, మేనల్లుడి డబ్బుకూ అర్థం ఉంటుంది. అక్కడ చిన్న ఆదాయం ఉన్న వ్యక్తులకు మైక్రో ఎంటిటీ కింద చాలా ఫీజుల్లో 80 శాతం తగ్గింపు కూడా ఉంది.

సాయం దొరికే చోట్లు కూడా ఉన్నాయి. గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్, హైదరాబాదులోని పల్లె సృజన, ఈ రెండూ మీలాంటి వాళ్ల కోసమే పనిచేస్తున్నాయి. చీరల నేతకు నూలు చుట్టే ఆసు మిషను చేసిన చింతకింది మల్లేశం గారూ మీలాంటి మనిషే, ఆయన పేరు మీరు వినే ఉంటారు. మీ షాపుకు ఉద్యం (చిన్న పరిశ్రమగా నమోదు) రిజిస్ట్రేషను లేకపోతే చేయించండి. పేటెంటు వచ్చాక అయిన ఖర్చును కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ పథకం అప్పటికి ఉంటే దాని కింద, విదేశీ పేటెంటుకు 5 లక్షల వరకు, ఇక్కడి పేటెంటుకు లక్ష వరకు తిరిగి అడగొచ్చు. ఇది ఖర్చు పెట్టాక వచ్చే డబ్బు, ముందు వచ్చేది కాదు. అది గుర్తుపెట్టుకుని అప్పు చేయండి, చేయాల్సివస్తే.

ఒక జాగ్రత్త. మొదటి తేదీ నుంచి పద్దెనిమిది నెలలకు మీ పీసీటీ దరఖాస్తు అందరికీ కనిపించేలా ప్రచురిస్తారు. ఆ తర్వాత విదేశాల నుంచి మీకు ఉత్తరాలు వస్తాయి, ముద్రలతో, దరఖాస్తు నంబరుతో, 'రిజిస్ట్రేషన్ ఫీజు ఇన్ని వందల డాలర్లు వెంటనే కట్టండి' అని. అచ్చం ఆఫీసు నోటీసులాగే ఉంటాయి. కట్టకండి. మీ ఏజెంటు ద్వారా రాని ఏ బిల్లుకూ రూపాయి కట్టకండి. అలాగే విదేశాల్లో వేశాక ఆ వివరాలు మన ఆఫీసుకు ఫారం 3లో చెప్పాలి. మొదటి ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చిన మూడు నెలల్లోపు. మీ ఏజెంటుకు తెలిసే ఉంటుంది, అయినా మీరు ఓసారి అడగండి.

చివరగా, మీరు అడగనిది ఒకటి. మార్చి ప్రొవిజనల్లో కనిపెట్టినవాడిగా మీ పేరొక్కటే ఉంది. డ్రమ్ముకు అది సరే. కానీ కోయకుండా నొక్కి మెలిపెట్టి లాగాలన్నది మీ ఆవిడ మాట. కాయ లావును బట్టి పట్టు వదులవ్వాలన్నదీ ఆవిడ మాటే. మీరే రాశారు. 'మిషను బాగోలేదు, ఏదో చెయ్యి' అని ఉంటే అది కనిపెట్టడం కాదు. ఆవిడ చెప్పింది పని ఎలా జరగాలో, ఏ కదలికతో జరగాలో. మీరు దాన్ని ఇనుములో చేశారు. నా లెక్కలో స్ప్రింగు రోలర్లకు ఆవిడ మీతో సమానంగా కనిపెట్టిన మనిషి. మేనల్లుడి పేరు రాయడం ఎంత తప్పో, ఆవిడ పేరు వదిలేయడం అంతే తప్పు. ఆవిడ ఇండియాలో ఉండే వ్యక్తే కాబట్టి ఆ 90 శాతం రాయితీకి కూడా ఏ అడ్డూ లేదు. కొత్త ప్రొవిజనల్ ఇద్దరి పేర్ల మీదా వేయించండి. మార్చిలో కంప్లీట్ వేసేటప్పుడు, కనిపెట్టినవాళ్ల పేర్లు రాసే ఫారం 5లో కూడా ఆవిడ పేరు, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయించండి. తర్వాత ప్రతి దేశంలోనూ అదే స్పెల్లింగు వెళ్తుంది.